వాన కరువుకు లెక్కుంది, డాక్టర్ల కరువుకు లెక్కేదీ?

శింగనమల, నార్పల, బుక్కరాయసముద్రం, గార్లదిన్నె, పుట్లూరు, యల్లనూరు మండలాల అన్నలకు, అక్కలకు, రైతులకు, కూలీలకు, కార్డు చేతబట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న అందరికీ ఒక మాట.

కరువంటే మనకొకరు చెప్పాల్సిన పని లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటని బడిపిల్లోడు కూడా చెప్తాడు. శనక్కాయ విత్తి మూడు వారాలు ఆకాశం కేసి చూసి, నాలుగో వారం ఎద్దుల్ని సంతకు తోలుకుపోయిన ఇళ్ళు ప్రతి ఊర్లోనూ ఉన్నాయి. అయినా ఆ కరువుకు ఒక మర్యాద ఉంది. దాన్ని కొలుస్తారు. వాన కొలిచే డబ్బా మండలానికొకటి ఉంది. ఎన్ని మిల్లీమీటర్లు పడింది, ఎన్ని రోజులు వరసగా చుక్క పడలేదు, ఎన్ని ఎకరాలు విత్తకుండా మిగిలాయి, అన్నీ కాగితం మీద పెడతారు. లెక్క తేలినాక అమరావతి నుంచి ఒక జీవో వస్తుంది. మన మండలం పేరు అందులో ఉంటే పెట్టుబడి రాయితీ అడగొచ్చు, అప్పు వాయిదా అడగొచ్చు. పేరు లేకుంటే రోడ్డెక్కి ధర్నా చేస్తాం. పోయినసారి పక్క మండలం పేరుండి మన పేరు లేనప్పుడు ఎంత గొడవైందో మీకందరికీ గుర్తే.

ఇప్పుడు ఇంకో కరువు సంగతి అడుగుతాం. మన మండలంలో పిల్లల డాక్టర్లు ఎంతమంది? కాన్పుల డాక్టరు ఎన్ని రోజులకొకసారి కనబడతారు? మత్తు డాక్టరు అనే మనిషిని మీ ఊర్లో ఎవరైనా కళ్ళతో చూశారా? ఈ కరువు కొలవడానికి డబ్బా ఏ ఆఫీసులో పెట్టారు?

యాడా లేదు. ఈ కరపత్రం దాని గురించే.

ముందు ఒక ప్లాస్టిక్ కవరు సంగతి వినండి. చీరల అంగడి కవరు, చేతిపిడి తెగి ముడి వేసింది. బుక్కరాయసముద్రం దగ్గర బస్సులో పక్కన కూర్చున్న ఒక పెద్దాయన ఒళ్ళో ఉంది. ఏముందప్పా అందులో అంటే విప్పి చూపించినాడు. ఆధార్ జిరాక్సు మూడు కాపీలు. రేషను కార్డు. ఆరోగ్యశ్రీ కార్డు. మడతల్లో చిరిగిన ఎక్స్‌రే ఒకటి. వాటి కింద, సంతలో కూరగాయల చిట్టీల్లాగా పేర్చిపెట్టిన చీటీలు. ఒక చీటీలో షుగరుందని, పెద్ద డాక్టరుకు చూపించమని. ఇంకోదాంట్లో కాలికి స్పర్శ లేదు, నరాల డాక్టరుకు చూపించమని. మరోదాంట్లో కంటి వెనక పొర చూసే డాక్టరు కావాలని. రాసిన చేతులు వేరు, తేదీలు వేరు, మాట మాత్రం ఒకటే: పైకి పంపుతున్నాం. ఆయన నవ్వి అన్నమాట చెవిలో నుంచి పోవడం లేదు. "చీటీ మీద చీటీ ఇస్తానే ఉండారు నాయనా, నా కాలు మాత్రం ఈడ్నే ఉంది."

ఆ చీటీ రాసిన ఎంబీబీఎస్ డాక్టరును తిట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆయనకు తెలిసింది ఆయన చేశాడు, తెలియనిదాన్ని తెలిసిన చోటికి పంపాడు. అది నిజాయితీ. తప్పంతా ఆ పైకి పోయే దారి అంత పొడుగెందుకైందన్న దాంట్లో ఉంది. ఆ పెద్దాయన ఒక్కో చీటీకి ఒక్కో రోజు పోగొట్టుకున్నాడు. తోడొచ్చిన కొడుకు కూలి కూడా పోయింది. ఆటో, బస్సు, మధ్యాహ్నం హోటల్లో రెండు ఇడ్లీలు. ఓపీ చీటీ అయిపోయిందంటే రేపు రమ్మంటారు, రేపంటే మళ్ళీ ఆటో, మళ్ళీ బస్సు.

పెద్ద చదువు చదివిన డాక్టరు అంటే విలాసం కాదు. సర్కారు సొంత లెక్క ప్రకారమే మైదాన ప్రాంతంలో ప్రతి 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. సీహెచ్‌సీ అంటామే, అది. ముప్పై పడకలు. అందులో ఒక సర్జను, ఒక జనరల్ ఫిజీషియను, ఒక కాన్పుల డాక్టరు, ఒక పిల్లల డాక్టరు. ఆపరేషన్ చేయాలంటే వీళ్ళ పక్కన మత్తు డాక్టరు తప్పదు. శింగనమల నియోజకవర్గంలో ఓటర్లే రెండు లక్షలు దాటారు. పిల్లాజెల్లా కలుపుకుంటే ఆ లెక్కన మన ఆరు మండలాలకు కనీసం రెండు అట్లాంటి ఆస్పత్రులకు సరిపడా స్పెషలిస్టులు ఉండాలి. వేళ్ళ మీద లెక్కేసుకోండి: నలుగురు, నలుగురు ఎనిమిది. మత్తు డాక్టర్లు ఇద్దరు. పది మంది. ఈ పది మంది పేర్లు మీలో ఎవరికైనా తెలుసా?

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ ఏటా గ్రామీణ ఆరోగ్య గణాంకాలు అని ఒక పుస్తకం వేసేది. 2021-22 పుస్తకం చూస్తే దేశంలోని సీహెచ్‌సీల్లో కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. సర్జన్లు 83 శాతం తక్కువ. పిల్లల డాక్టర్లు దాదాపు 82 శాతం, ఫిజీషియన్లు 79 శాతం, కాన్పుల డాక్టర్లు 74 శాతం తక్కువ. ఐదు కుర్చీల్లో నాలుగు ఖాళీ అన్నమాట. కానీ ఆ పుస్తకంలో శింగనమల అనే పేరు వెతకండి. దొరకదు. రాష్ట్రాల పేర్లుంటాయి. మన పేరు దాకా ఆ లెక్క దిగదు.

ఇందులో మత్తు డాక్టరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనం అస్సలు అడగని మనిషి ఆయనే. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చేయాలి. కాన్పుల డాక్టరమ్మ ఉంది. థియేటరు ఉంది. లైట్లు వెలుగుతున్నాయి. నడుములో సూది వేసి, ఆపరేషన్ అయ్యేవరకు తల్లి గుండెనూ ఊపిరినీ కనిపెట్టుకుని ఉండే మనిషి లేడు. అంతే, ఆ రాత్రికి థియేటరు తలుపు తెరుచుకోదు. రక్తం నిల్వ లేకున్నా అంతే. కాగితం మీద కాన్పుల డాక్టరు పోస్టు నిండింది కాబట్టి ఇక్కడ కొరత లేదని రాసుకుంటారు. కాడికి ఒక ఎద్దును కట్టి, ఎద్దుంది కదా దున్నుకోమన్నట్టు. అందుకే డాక్టర్లను విడివిడిగా లెక్కపెట్టడం లెక్కే కాదంటున్నాం. జతను లెక్కపెట్టాలి. కాన్పుల డాక్టరు, మత్తు డాక్టరు, పుట్టిన బిడ్డను చూసే పిల్లల డాక్టరు, ఫ్రిజ్‌లో రక్తం, ఈ నాలుగూ ఒకే రాత్రి ఒకే చోట ఉన్నాయా లేవా? ఉంటే ఆస్పత్రి. లేకుంటే అది చీటీ రాసే ఆఫీసు.

"అనంతపురం పాతిక కిలోమీటర్ల లోపే కదా, అక్కడ పెద్దాస్పత్రి ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, మీకేం తక్కువ" అని అడిగేవాళ్ళున్నారు. నిజమే, అనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2000లో వచ్చింది, దానివల్ల బతికినవాళ్ళు వేలమంది. జిల్లా లెక్క తీస్తే ఆ కాలేజీలోని ప్రొఫెసర్లు, అసిస్టెంటు ప్రొఫెసర్లు అందరూ అందులో కలుస్తారు. ప్రైవేటు నర్సింగ్ హోములు కలుస్తాయి. సగటు చూస్తే జిల్లా బాగానే కనబడుతుంది. ఇదే మోసం. జిల్లా సగటు వాన మన చేన్లో పడుతుందా? రాయదుర్గంలో ఉరిమి యల్లనూరులో ఎండితే యల్లనూరు రైతుకు సగటు ఏం పెడుతుంది? అందుకే కదా కరువును జిల్లా లెక్కన ప్రకటించకుండా మండలం లెక్కన ప్రకటించమని కొట్లాడి సాధించుకున్నాం. వానకు మండలం లెక్క, డాక్టర్లకు జిల్లా లెక్కా?

పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడిపోయింది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. 1991 నవంబరులో తెరిచిన ప్రశాంతిగ్రామం సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి అటు పోయింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ నడిపే బత్తలపల్లి ఆస్పత్రి కూడా ఆ జిల్లాలోకే పోయింది. రోగికి జిల్లా హద్దు లేదు, మనవాళ్ళు నేటికీ ఆ రెండు చోట్లకూ పోతూనే ఉన్నారు. కానీ లెక్కలకు హద్దు ఉంటుంది. జిల్లా మారినాక మన వాటా ఎంత తగ్గిందో, కొత్త హద్దుల్లో ఏ మండలం నుంచి ఏ డాక్టరు దగ్గరికి ఎంత దూరమో మళ్ళీ కొలిచి జనం ముందు పెట్టిన కాగితం ఒక్కటి మన చేతికి రాలేదు.

ఇక అసలు కడుపు మండే మాట.

అమెరికాలో ఇట్లాంటి లెక్క దశాబ్దాలుగా ఉంది. ఏ కౌంటీలో, ఏ ఊరి చుట్టుపక్కల డాక్టర్లు తక్కువున్నారో కొలుస్తారు. 3,500 మందికి ఒక డాక్టరు కూడా లేని చోటును, పేదరికం ఎక్కువుంటే 3,000 మందికి ఒకరు లేని చోటును, డాక్టర్ల కొరత ప్రాంతం అని అధికారికంగా గుర్తిస్తారు. పేదలు ఎంతమంది, దగ్గరి డాక్టరు దగ్గరికి పోవడానికి ఎంతసేపు పడుతుంది అన్నవాటికి కూడా మార్కులు వేసి, ఏ ఊరు ఎక్కువ ఇబ్బందిలో ఉందో వరస తేలుస్తారు. మనసు డాక్టర్లకు వేరే లెక్క, పళ్ళ డాక్టర్లకు వేరే లెక్క. పేరెక్కిన ఊరికి డాక్టరును రప్పించడానికి ప్రభుత్వం చదువు అప్పు తీరుస్తుంది.

ఇంకొకటి కూడా చేస్తుంది. మన కర్నూలు, గుంటూరు, విశాఖ మెడికల్ కాలేజీల్లో చదివి అమెరికాలో శిక్షణకు పోయిన డాక్టర్లున్నారు చూడండి, జె-1 అనే వీసా మీద పోయిన వాళ్ళు శిక్షణ అయ్యాక రెండేళ్ళు సొంత దేశానికి తిరిగి రావాలన్నది అక్కడి నియమం. ఆ నియమం తప్పించుకునే దారి ఒకటుంది. కొరత ప్రాంతంలో మూడేళ్ళు పని చేస్తే చాలు. 1994లో నార్త్ డకోటా సెనేటరు కెంట్ కాన్రాడ్ తెచ్చిన చట్టం వల్ల ఒక్కో రాష్ట్రం ఏటా కొందరికి ఆ వెసులుబాటు ఇవ్వగలదు. ఇప్పుడు ఆ సంఖ్య 30. అట్లా మంచు కురిసే పల్లెల్లో, పొగాకు తోటల మధ్య, బొగ్గు గనుల ఊళ్ళలో మన తెలుగు డాక్టర్లు రోజూ రోగులను చూస్తున్నారు. వాళ్ళను తప్పు పట్టడం లేదు. కష్టపడి చదివారు, పనిచేస్తున్నారు. మనం అడిగేది ఒకటే. మన డబ్బుతో చదివిన కర్నూలు కాలేజీ పిల్లోడు నార్త్ డకోటా పల్లెకు చేరాడంటే, అక్కడ ఎవరో ఆ పల్లె పేరు ఒక పట్టికలో రాశారు కాబట్టి చేరాడు. కర్నూలు నుంచి శింగనమలకు ఎన్ని కిలోమీటర్లు? ఆ పిల్లోడికి మన ఊరి పేరు చూపించిన పట్టిక ఏది?

అమెరికా సంగతి ఎందుకులే అంటారా, మన దేశంలోనే ఛత్తీస్‌గఢ్ ఉంది. అక్కడ ఆస్పత్రులను మామూలువి, కష్టమైనవి, బాగా కష్టమైనవి అని విడదీసి, కష్టమైన చోట పనిచేసే డాక్టరుకూ నర్సుకూ అదనంగా జీతం ఇచ్చే పద్ధతి పెట్టారు. మెడికల్ కౌన్సిల్ పాత నిబంధనల్లో కూడా, రాష్ట్ర ప్రభుత్వం మారుమూల ప్రాంతమని, కష్టమైన ప్రాంతమని గుర్తించిన చోట పని చేసిన ప్రభుత్వ డాక్టరుకు పీజీ ప్రవేశ పరీక్ష మార్కులపై ఏడాదికి 10 శాతం చొప్పున 30 శాతం వరకు కలిపే వీలుండేది. చూశారా, అంతా ఆ గుర్తింపు దగ్గరే ఉంది. గుర్తిస్తే డాక్టరుకు ఒక ఆశ, ఊరికి ఒక డాక్టరు. పేరెక్కని ఊరికి ఏ పథకమూ దారి కనుక్కుని రాదు.

మన రాష్ట్రంలోనే శ్రీకాకుళం ఉద్దానం చూడండి. కొబ్బరి తోటల మధ్య పచ్చగా ఉండే సీమ. కిడ్నీలు పాడై మనుషులు రాలిపోతుంటే ఏళ్ళ తరబడి అది వాళ్ళ తలరాత అనుకున్నారు. ఊరూరా రక్తపరీక్షలు చేసి లెక్క తీసినాక గానీ అది ఒక ప్రాంతపు జబ్బని లోకం ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి తెరిచారు. ఉద్దానం కష్టం తీరిపోయిందని చెప్పడం లేదు. పేరుపెట్టి పిలిచాకే ఆ కష్టం వైపు ఎవరైనా తిరిగి చూశారని చెబుతున్నాం.

మన దగ్గరకొద్దాం. మనల్ని లెక్కలోకి తీసుకున్న రోజులు లేకపోలేదు. దేశంలో బాగా వెనకబడిన 200 జిల్లాలు ఏవని లెక్క తీసి, ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది ఎక్కడ? మన నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఆ ఊరికి వచ్చారు. మరుసటి ఏడాది, 2007 ఏప్రిల్ 1న, ఆరోగ్యశ్రీని మొదట ప్రయోగంగా పెట్టింది మూడు జిల్లాల్లో: మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మన అనంతపురం. పేదరికం లెక్కలో మన పేరు ముందుంది కాబట్టే ఆ రెండూ ముందు మన గడప తొక్కాయి.

ఆరోగ్యశ్రీ మేలు చేయలేదని ఎవరూ అనరు. గుండె ఆపరేషనుకు ఉన్న రెండెకరాలు అమ్ముకునే రోజులు చాలావరకు తప్పాయి. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పేరు ఏదైనా కార్డు కార్డే. కానీ కార్డు డబ్బు కడుతుంది, డాక్టరును తేదు. ఆపరేషను చేసే చేయి బెంగళూరులోనో కర్నూలులోనో తిరుపతిలోనో ఉంటే కార్డు పట్టుకుని మనమే పోవాలి. బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అక్కడ మనసుకు, నరాలకు చూసే నిమ్హాన్స్ ముందు, గుండెకు చూసే జయదేవ ముందు చెట్ల కింద దుప్పటి పరుచుకుని పడుకున్న వాళ్ళలో మన యాస ఎంత వినబడుతుందో పోయినవాళ్ళకు తెలుసు.

నిమ్హాన్స్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పుకోవాలి. పంట ఎండి అప్పు పెరిగి ప్రాణాలు తీసుకున్న రైతుల పేర్లు ఈ జిల్లా పేపర్లలో ఎన్నేళ్ళు చదివాం! ఎక్స్‌గ్రేషియా ఎంత, బోరు అప్పు ఎంత, బ్యాంకు అప్పు ఎంత అని రాసుకున్నాం. నిద్ర పట్టక రాత్రంతా కళ్ళం దగ్గర బీడీలు కాలుస్తూ కూర్చున్న మనిషిని తీసుకుపోయి చూపించడానికి మానసిక వైద్యుడు ఎంత దూరంలో ఉన్నాడని ఎవరైనా రాశారా? మన దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, చాలా రకాల మానసిక జబ్బుల్లో పదిమందిలో ఏడుగురికి పైగా వైద్యమే అందడం లేదు. అప్పు కరువుకు బ్యాంకు మేనేజరైనా ఉన్నాడు. ఈ కరువుకు ఎదురు కూర్చుని వినే మనిషే లేడు.

"108 ఉంది కదా" అంటారు. ఉంది, దండం పెట్టాలి దానికి. కానీ అది బండి. బండి డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది. డాక్టరు ఎంత దూరంలో ఉంటే అంతసేపు పడుతుంది. "ఫోన్లో వీడియోలో పెద్ద డాక్టరుతో మాట్లాడిస్తాం" అంటారు. బీపీ మాత్ర మార్చడానికి బాగానే ఉంది. కడుపు నొక్కి చూడాల్సిన చోట, పాము కరిచి ఊపిరి ఆగిపోతుంటే గొట్టం వేయాల్సిన చోట ఫోను ఏం చేస్తుంది? "డాక్టర్లు పల్లెకు రారు" అనేది మూడో మాట. ఇది సగం నిజం. భార్యకు ఉద్యోగం, పిల్లలకు బడి, క్వార్టర్సులో నీళ్ళు, రాత్రిపూట ఏదైనా జరిగితే బంధువుల దాడి నుంచి రక్షణ, ఇవన్నీ అడిగే హక్కు డాక్టరుకుంది. మొన్నటిదాకా మనలో కొందరు చేసిందేమిటో కూడా ఒప్పుకుందాం. మనిషి పోతే డ్యూటీ డాక్టరు కాలరు పట్టుకున్నాం. ఇది మానకుంటే ఎన్ని జీవోలు వచ్చినా ఎవరూ రారు.

ఇంకో పాత మాట. శింగనమలకు ఋష్యశృంగుడి పేరు మీదే ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ ముని కాలు పెడితే అంగదేశంలో వాన కురిసిందని పురాణం. ఆ కథలో మనకు పనికొచ్చేది రోమపాద మహారాజు సంగతి. నా రాజ్యంలో వాన లేదని ఆయన ముందు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఎవరిని పిలిస్తే తీరుతుందో కనుక్కుని, పిలిపించుకున్నాడు. మన రాజులు మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

అందుకని మేం అడిగేది ఇది. కరువు మండలాలు ప్రకటించినట్టే డాక్టర్ల కరువు మండలాలను కూడా ఏటా ప్రకటించాలి. ఒక్కో రకం డాక్టరుకు విడిగా. మంజూరైన పోస్టు ఉందా అన్నదొక్కటే చూస్తే చాలదు. పోస్టులో మనిషి ఉన్నాడా, ఉంటే డిప్యుటేషను మీద ఇంకో ఊరిలో పనిచేస్తున్నాడా? పోస్టు ఇక్కడ, మనిషి అక్కడ, జీతం బిల్లు ఇక్కడ అనే కథ మనకు కొత్త కాదు. నెలలో ఎన్ని రోజులు ఓపీ చూశారు, రాత్రి కాన్పు ఆపరేషన్లు ఎన్ని జరిగాయి, ఎంతమందిని పైకి పంపారు, ఏ కారణంతో పంపారు, ఇవి లెక్కలోకి రావాలి. ఊరి నుంచి ఆస్పత్రికి బస్సు ఎన్ని గంటలకు ఉందో కూడా రావాలి. కిలోమీటర్లు కొలిచి లాభం లేదు. పాతిక కిలోమీటర్లు పగలు గంట, రాత్రి పన్నెండుకు తెల్లారేదాకా.

ఈ లెక్క సర్కారు చేసేదాకా కూర్చోవాల్సిన పని లేదు. మనమే మొదలుపెడదాం.

మీ ఇంట్లో కూడా ఆ పెద్దాయన కవరు లాంటిది ఒకటుంటుంది. దాన్ని బయటికి తీయండి. గత ఏడాదిలో ఏ తేదీన, ఏ జబ్బుకు, ఏ డాక్టరు కోసం మిమ్మల్ని పైకి పంపారో ఒక నోటుబుక్కులో రాయండి. చేతి నుంచి ఎంత ఖర్చైందో పక్కన వేయండి. పేరు రాయాల్సిన పని లేదు, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంచుకోండి. ఊరికొక చదువుకున్న పిల్లోడో పిల్లో ఆ పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే వారం పని. డ్వాక్రా సంఘాల అక్కలు తలుచుకుంటే మూడు రోజులు. ఆశా అక్కనూ ఏఎన్ఎమ్మునూ అడగండి, ఎవరింట్లో ఏమైందో వాళ్ళకంటే తెలిసినవాళ్ళు లేరు.

రెండో పని సమాచార హక్కు దరఖాస్తు. 2005 నుంచి ఆ చట్టం మన చేతిలో ఉంది, రేషను బియ్యం కోసం వాడాం, పాసుపుస్తకం కోసం వాడాం, ఆస్పత్రి కోసం వాడింది తక్కువ. తెల్ల కాగితం మీద పౌర సమాచార అధికారి గారికి అని రాసి, మా ఆస్పత్రిలో ఒక్కో స్పెషలిస్టు పోస్టు ఎప్పుడు మంజూరైంది, ఇప్పుడు ఎవరున్నారు, గత 12 నెలల్లో ఒక్కొక్కరు ఎన్ని రోజులు ఇక్కడ పనిచేశారు, డిప్యుటేషను మీద ఎవరెక్కడున్నారు, మత్తు డాక్టరు లేనందువల్ల ఎన్ని కేసులు పైకి పంపారు అని అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సంగతైతే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసుకు, సీహెచ్‌సీల సంగతైతే డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆస్పత్రుల సమన్వయాధికారి) ఆఫీసుకు పంపండి. మన రాష్ట్ర నియమాల్లో ఊరి స్థాయి ఆఫీసుకు రుసుం లేదు, మండల స్థాయికి ఐదు రూపాయలు, జిల్లాకు పది. తెల్ల రేషను కార్డు జిరాక్సు పెడితే అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకుంటే పై అధికారికి అప్పీలు. రాయడం రాని పెద్దవాళ్ళు సిగ్గుపడొద్దు, రాసి ఇవ్వడం ఆ అధికారి పనే అని చట్టంలోనే ఉంది.

జవాబు వచ్చాక ఏం చేయాలి? ఇంట్లో పెట్టె అడుగున దాచొద్దు. ఆస్పత్రి గేటు ఎదురుగోడ మీద, సచివాలయం గోడ మీద పెద్దక్షరాల్లో రాయించండి. ఫలానా డాక్టరు పోస్టు, ఖాళీ, ఎన్ని నెలల నుంచి. రంగు డబ్బా ఖర్చు పది ఇళ్ళు పంచుకుంటే టీ ఖర్చు. గోడ మీద ఎక్కిన అక్షరాన్ని ఎన్నికలప్పుడు వచ్చేవాళ్ళు చూడకుండా పోలేరు. మనవాళ్ళు కూడా, ఎవరు ఏ పార్టీ అన్నది కాసేపు పక్కన పెట్టి, ఆ గోడ ముందు నిలబడి ఒకటే ప్రశ్న అడగాలి. ఈ కరపత్రం ఏ పార్టీదీ కాదు. ఏ జెండా మోసేవాడి కొడుక్కైనా పాము కరుస్తుంది.

గ్రామసభ జరిగినప్పుడు, మా గ్రామం డాక్టర్ల కరువు ప్రాంతమని గుర్తించాలని ఒక తీర్మానం పెట్టించండి. పుస్తకంలో ఎక్కేదాకా సర్పంచు పక్కనే కూర్చోండి. "రాసుకుంటాంలే" అంటే లేవొద్దు. ఆరు మండలాల ఊళ్ళ తీర్మానాలన్నీ ఒక కట్ట కట్టి, ఒక సోమవారం కలెక్టరేటులో గ్రీవెన్సుకు తీసుకుపోదాం. ఒక్కడు ఇచ్చే అర్జీకి రసీదు ఇస్తారు. యాభై ఊళ్ళ తీర్మానాలకు జవాబు ఇవ్వాలి.

మెడికల్ కాలేజీలో పీజీ చదివే పిల్లలు మూడు నెలలు జిల్లా ఆస్పత్రుల్లో పనిచేయాలన్న నియమం 2020 నుంచి దేశమంతటా ఉంది. అనంతపురం కాలేజీ మన పెరట్లోనే ఉంది. ఆ నియమం పల్లె ఆస్పత్రి గడప దాకా రావాలని కూడా ఆ అర్జీలో రాద్దాం. అందరూ రాకపోవచ్చు. వారానికి రెండు రోజులు ఒక పిల్లల డాక్టరు, నెలలో నిర్ణయించిన రోజున ఒక మానసిక డాక్టరు వచ్చినా, ఆ చీటీల కట్టలో కొన్ని తగ్గుతాయి.

మన ఇళ్ళల్లో డాక్టరు చదివే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అమ్మా, అయ్యా, మీకూ ఒక మాట. ఎక్కడికైనా పోండి, బాగా చదవండి, మీరు రావాలని ఒట్టు వేయించుకోవడం లేదు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఆ నోటుబుక్కులు ఒకసారి చూసి, ఏ జబ్బుకు ఏ డాక్టరు కావాలో పక్కన రాసి పెట్టండి. మాకు జబ్బు తెలుసు, దానికి ఏ డాక్టరో తెలియదు.

కరపత్రం చదవడం అయ్యాక చింపి శనక్కాయలు పొట్లం కట్టుకోవద్దు. బస్సులో పక్కన ఒళ్ళో కవరు పెట్టుకుని కూర్చున్న మనిషి కనబడితే ఇవ్వండి. దరఖాస్తు రాయడానికి కావలసింది ఒక తెల్ల కాగితం, ఒక సంతకం, రేషను కార్డు జిరాక్సు. జిరాక్సు ఎట్లాగూ ఆ కవర్లోనే ఉంటుంది.

ఇట్లు,
మీ తోటి రోగులు, వాళ్ళ వెంట తిరిగే కుటుంబాలవాళ్ళు
శింగనమల